నిండని గుంత

మొన్న ఆషాఢంలో ఒకరోజు, తిరుపతిలో రేణిగుంట రోడ్డు సిగ్నల్ దగ్గర, నేను ఎక్కిన ఆటో సరిగ్గా ఒక చెత్త లారీ వెనకాల ఆగింది. లారీ తోక కింద నుంచి నల్లటి నీళ్లు సన్నగా కారి రోడ్డు మీద పడుతున్నాయి. వాసన గుప్పుమంది. కుళ్లిన కూరగాయల వాసన ఒక్కటే అయితే నేనూ అందరిలాగే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఊరుకునేదాన్ని. అందులో పులిసిన మామిడి తొక్కల వాసన కలిసి ఉంది. మొదట పుల్లగా, ఆ వెనక కొంచెం తీపిగా తగిలి, గొంతులోకి దిగి అక్కడే కూర్చునే వాసన అది. "రోంత ముందుకు తీయప్పా, సస్తా ఉండాం ఈడ!" అని మా ఆటో అతను లారీ వైపు అరిచాడు. పక్కన స్కూటరు మీది దంపతులు మొహాలు చిట్లించి అటు తిరిగారు. నేను మాత్రం తల బయటికి పెట్టి ఆ నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తున్నాను. "ఏమన్నా పడిపోయిందామ్మా?" అని ఆటో అతను అడిగాడు. ఏమీ లేదు, పోనిమ్మన్నాను. చెత్త నీళ్ల వాసనకు ఒక పెద్దమనిషి గుర్తుకొచ్చాడని చెబితే, వినేవాళ్లకు అది ఆయన్ని తిట్టినట్టే ఉంటుంది.

ఆయన పేరు మునిరత్నం. చిత్తూరుకూ తిరుపతికీ మధ్యనున్న ఒక చిన్న పట్నంలో మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, తక్కిన వాళ్లకు తెలిసి చేసేదేమీ లేదు. డెబ్బైల చివర్లో నేను ఆయన కింద ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మాది నగరి. మా నాయన మగ్గం నేసేవాడు. అద్దకం తొట్ల మధ్య పెరిగిన దాన్ని కాబట్టి రంగు మారడం చూడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. తిరుపతిలో కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చేసి, ఇక పెద్ద ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని తిరుగుతానని అనుకుంటూ వచ్చాను. వచ్చి చూస్తే ల్యాబ్ అన్నది అంతకు ముందు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు పెట్టుకునే గది. ఒక బల్ల, గీతలున్న సన్నటి గాజు గొట్టం బురెట్ ఒకటి, నాలుగు గాజు కుప్పెలు, మూత సరిగా పడని ఒక బీరువా. బల్లకు ఒక కాలు పొట్టి.

మొదటి రోజు కొత్త చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు ఆనించుకుని వెళ్లాను. మునిరత్నంగారు ఫైలు ముట్టుకోలేదు. బక్కపలచని మనిషి, చొక్కా కాలరుకు మడత రుమాలు, చేతిలో నిలువెత్తు సన్నటి ఇనప కడ్డీ. "ల్యాబ్ యాడికీ పోదులే అమ్మణ్ణీ. ముందర మన కసువు యాడికి పోతా ఉండాదో సూసొద్దాం రా" అన్నాడు. కొత్త చీరతో ఊరవతల మిట్ట మీదున్న కంపోస్టు యార్డుకు నడిపించాడు. ఊళ్లో ఊడ్చిన కసువంతా ఎద్దుల బండ్ల మీద అక్కడికి చేరేది. అది చాలదన్నట్టు మామిడి కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు ట్రాక్టర్లతో తొక్కలూ టెంకలూ తెచ్చి గుట్టలుగా పోసేవాళ్లు. గుట్ట అడుగు నుంచి నల్లటి నీళ్లు ఊరి, కాలువలో పడి, కొంచెం కిందున్న ఒక లోతైన గుంతలోకి పారుతున్నాయి. ఆయన వంగి, ఒక పుల్లతో ఆ నీళ్లు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "కాఫీ ఫిల్టరులో పొడేసి పైన యేణ్ణీళ్లు పోస్తే కింద డికాషన్ దిగుతాది గదా, ఇదీ అంతే. పైన వాన, నడాన కసువు, కింద ఇది" అన్నాడు. యార్డులో పని చేసేవాళ్లంతా దాన్ని డికాషన్ అనే అనేవాళ్లు. చాలా ఏళ్ల తరవాత పుస్తకాల్లో లీచేట్ అనే మాట చదివినప్పుడు, ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద పేరా అనిపించింది. ఆ తరవాత ఒక వారం నేను కాఫీ తాగలేదు.

ఆ గుంత ఆయన గర్వం. అది తవ్వక ముందు డికాషన్ నేరుగా మిట్ట కింది కయ్యల్లోకి పారి వరి నారును మాడ్చేసేదట. రైతులు ఎండిన నారు కట్టలు తెచ్చి ఆఫీసు బల్ల మీద విసిరి పోయారట. అప్పుడు ఈయన దగ్గరుండి గుంత తవ్వించాడు. ఒక వానాకాలం గడిచినా గుంత నిండలేదు, ఒక్క చుక్క పొలాల్లోకి పోలేదు. పెద్దాఫీసర్లు వచ్చి చూసి భుజం తట్టి వెళ్లారు. పక్క మునిసిపాలిటీల వాళ్లు కొలతలు రాసుకుని పోయారు. "ఎంత పోసినా తాగేస్తాదమ్మా ఇది" అని ఆయన కడ్డీతో గుంత గట్టును తట్టి చెప్పాడు, పాలిచ్చే ఆవును తట్టినట్టు. కెమిస్ట్రీ చదివిన నేను కూడా ఆహా అనుకున్నాను. తాగిన నీళ్లు ఏమవుతాయని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆయనకూ అప్పటికి రాలేదు.

నెలకోసారి ఊళ్లోవీ, ఊరి చుట్టూ ఉన్నవీ ఎనిమిది బావుల నీళ్లు తెచ్చి పరీక్ష చేయాలి. ఉప్పు పరీక్ష అందులో ముఖ్యం. కుప్పెలో నీళ్లు పోసి, పసుపు రంగు మందు నాలుగు చుక్కలు వేసి, బురెట్‌లోంచి సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వదలాలి. పసుపు కాస్తా ఇటుక రంగుకు తిరిగే క్షణాన ఆపాలి. ఎంత పట్టిందో దాన్ని బట్టి నీళ్లలో ఉప్పెంతో తెలుస్తుంది. ఉప్పే ఎందుకని అడిగాను. "మిగతా సెడ్డంతా మట్టికి రోంత అంటుకుంటాది, రోంత మురిగి పోతాది. ఉప్పు దేనికీ అంటుకోదు. నీళ్లు యాడికి పోతే ఆడికి పోతాది. ముందర వచ్చేది అదే" అన్నాడు. ఇంకో నియమం పెట్టాడు. సీసా మీద బావి పేరూ, తేదీ, చివరిసారి వాన ఎప్పుడు పడిందన్నదీ రాస్తే చాలదు, నీళ్లు తోడిచ్చిన మనిషి పేరు కూడా రాయాలి. అది ఏ రూల్లోనూ లేదు. నేను విసుక్కుంటే, "బాయి సంగతి సీసాకేం తెలస్తాది? తోడేదానికి తెలస్తాది" అన్నాడు. అలా ఎనిమిది బావులకు ఎనిమిది పేర్లు నాకు నోటికి వచ్చాయి. మిట్ట కింద కయ్యలు దాటాక ఉన్న దిగువపల్లె బావికి రాసే పేరు ఎస్తేరమ్మ.

కాగితాల మీద అప్పట్లో దాన్ని హరిజనవాడ అని రాసేవాళ్లు. అక్కడివాళ్లు దిగువపల్లె అనేవాళ్లు. ఎస్తేరమ్మకు నలభై దాటి ఉంటాయి, కూలికి పోయేది, మాట కరుకు. ఆ బావి తవ్వింది ఆమె మామా, ఆయన ఈడు వాళ్లూ. అంతకు ముందు ఎగువూరి బావి దగ్గరికి పోయి, దూరంగా కడవలు పెట్టుకుని, ఎవరైనా జాలిపడి పోసేదాకా నిలబడేవాళ్లు. "మా మామ ఈ బాయి తవ్వినంక ఎవురి మొగం సూసింది లేదు" అని ఆమె నాతో మొదటి పరిచయంలోనే చెప్పింది. నీళ్లు తోడి నా సీసాలో పోసేటప్పుడు ఆమె మొహంలో ఒక దర్జా ఉండేది. మిగతా ఏడు బావుల దగ్గర నేను ఆఫీసు మనిషిని, అక్కడ మాత్రం ఆమె ఇచ్చేది, నేను పుచ్చుకునేది.

నేను చేరిన రెండో ఏడు, మామిడి కాలం ముగిసి నాలుగు వానలు పడ్డాక, దిగువపల్లె నీళ్లకు బురెట్ చాలాసేపు కారింది. ఇటుక రంగు వచ్చేసరికి మామూలుకు రెట్టింపు దిగిపోయింది. నాకు నమ్మకం కలగలేదు. మందు పాడైందనుకున్నాను. మళ్లీ చేశాను, అదే వచ్చింది. ఏడు బావులు ఎప్పటిలా ఉండగా ఒక్క బావి అలా ఎగరడం రిజిస్టరులో వికారంగా కనబడింది. చదువుకున్న వాళ్లు చేసే పని ఒకటి నేను చేశాను. పోయిన నెల అంకెకూ దీనికీ మధ్యలో చూడముచ్చటైన అంకె ఒకటి సర్ది రాశాను. మునిరత్నంగారు రిజిస్టరు చూసి, నా పక్కనున్న చిత్తు కాగితం కూడా చూశాడు. కోపం చేయలేదు. "ఇది బురెట్ సెప్పిందా, నువ్వు సెప్పినావా?" అని మాత్రం అడిగాడు. నేను చిత్తు కాగితం ఆయన ముందుకు జరిపాను. "బురెట్ సెప్పింది రాయి. నువ్వు సెప్పేది నాకు సెప్పు, ఇంటాను" అన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సర్దిన అంకె కొట్టేసి అసలుది రాశాను. ఆ కొట్టివేత మీద నా చేత పొట్టి సంతకం పెట్టించాడు.

మర్నాడు ఇద్దరం దిగువపల్లెకు పోయాం. ఆయన ఎస్తేరమ్మను బావి గురించి అడిగాడు. ఆమె ఎన్నాళ్లుగానో ఎవరైనా అడుగుతారని చూస్తున్నట్టు చెప్పింది. "పప్పు ఉడకడంలా సారూ. కుండలో పోసి పెడితే తెల్లారేసరికి పైన ఎర్రగా తెట్టు కడతా ఉండాది. మా కోడలు బిడ్డకు పోసేదానికి బయపడతాది. అయినా ఏం సేసేది, మాకుండేది ఇదొకటే." ఆయన బావిలోకి వంగి చూశాడు. తరవాత తల ఎత్తి, కయ్యల మీదుగా మిట్ట వైపు చూశాడు. తిరుగు దారిలో కయ్యల మధ్య గెనిమల మీద నడుస్తూ రెండడుగులకోసారి కడ్డీ నేలలో దింపి, బయటికి తీసి, మొన వాసన చూస్తూ వచ్చాడు. గుంత దగ్గరికి చేరాక గట్టు మీద కూర్చుని, నాతోనో గుంతతోనో తెలియకుండా అన్నాడు: "రెండేండ్లుగా ఇంత డికాషన్ పోస్తా ఉండాం. ఇది నిండలేదు. మరి ఆ నీళ్లు యాడికి పోయినట్టు?"

గుంత తవ్విన గంగులప్పను పిలిపించాడు. గంగులప్ప బావులు తవ్వే మేస్త్రీ. ఆ చుట్టుపక్కల ఇంత మంచి చేయి లేదని పేరు. మా వైపు లోతుగా తవ్వాలంటే ఎవరైనా బావుల వాళ్లనే పిలుస్తారు, మునిరత్నంగారూ అదే చేశాడు. గుంత అడుగున అప్పుడు మోకాలి లోతు బురద తప్ప ఏమీ లేదు. నిచ్చెన వేసి ఇద్దరూ దిగారు. పైన బంకమట్టి, దాని కింద గులకరాళ్ల మొరం. గంగులప్ప మొరం మీద చెయ్యి పెట్టి, మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"బంక పొర దాటినంక ఊట పొర తగిలింది సారూ. ఆడికి దించి ఆపినాం. బాయికైనా ఇంతే. ఈ పొర దొరికేదాకా మా సెయ్యి ఆగదు."

"నేను నీకు బాయి తవ్వమన్నానా గంగులప్పా?"

"లేదు సారూ. గుంత తవ్వమన్నారు. ఎంత లోతని సెప్పలా. నేల ఏం సెప్పిందో అంత తవ్వినాం."

"సెప్పలా" అని మునిరత్నంగారు ఒప్పుకున్నాడు. "బంక దాటొద్దని నేను సెప్పలా."

నీళ్లు పైకి ఊరే పొర నీళ్లను కిందికీ తాగుతుంది. ఆ పొరే దిగువపల్లె బావి దాకా పోతుంది. చేతి అలవాటు కొద్దీ బావులు తవ్వే మనుషులు బావే తవ్వారు, దాంట్లో మేం రెండేళ్లు ఊరి కుళ్లంతా పోశాం. గుంత నిండకపోవడం చూసి అందరం మురిసిపోయాం. ఆయన నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. కాళ్ల నిండా నల్ల బురద. దాన్ని కడుక్కోకుండానే ఆఫీసుకు నడిచాడు.

ఆ మధ్యాహ్నం రాసిన రిపోర్టు నేనే టైపు చేశాను. దిగువపల్లె బావి నీళ్లు తాగడానికి పనికిరావని, కారణం యార్డు గుంత అని, గుంత తన ఆధ్వర్యంలో తన సూచనల లోపం వల్ల అలా తవ్వబడిందని, కాబట్టి ఆ పల్లెకు మంచినీళ్లు ఇవ్వవలసిన బాధ్యత మునిసిపాలిటీదేనని నాలుగు వాక్యాలు. కమిషనరు పిలిపించాడు. నేను రిజిస్టరు పట్టుకుని పక్కన నిలబడ్డాను. కమిషనరు చెడ్డవాడేమీ కాదు, ప్రశాంతంగా ఉద్యోగం గడిచిపోవాలని కోరుకునే మామూలు మనిషి. "తవ్వినోళ్ల పొరపాటు అని రాస్తే సరిపోతుంది కదా మునిరత్నం. మీ ప్రమోషన్ ఫైలు కదులుతూ ఉంది" అన్నాడు. "వాళ్లకు అక్షరం ముక్క రాదు సార్. కాయితం మింద వాళ్ల తరపున మాట్లాడేటోడు ఎవుడూ లేడు. నేనైతే నా తరపున మాట్లాడుకుంటాను" అన్నాడాయన. మాట్లాడుకోలేదు. ప్రమోషన్ రాలేదు. ఆయన భార్య కొన్నాళ్లు నాతో కూడా మాట్లాడలేదు, టైపు చేసింది నేనని తెలిసి.

రిపోర్టు రాయడం కంటే కష్టమైన పని దిగువపల్లెకు పోయి చెప్పడం. ఆయన ఎవరినీ పంపకుండా తానే పోయాడు. బావి చుట్టూ జనం చేరారు. తప్పు తనదని చెప్పి, ఈ నీళ్లు తాగొద్దని, రోజూ ట్యాంకరు వస్తుందని, పైపులు వేసేదాకా అంతేనని చెప్పాడు. ఎస్తేరమ్మ వింది. "ట్యాంకరు రాని దినం?" అంది. "ట్యాంకరు రాని దినం మేము మళ్లా ఎగువూరి బాయి కాడికి పోయి కడవ పెట్టుకోని నిలబడాల. అంతే గదా సారూ? మా మామ తవ్వింది దేనికి?" అంది. ఆమె గొంతు పెంచలేదు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, నిజం ఒప్పుకున్న మనిషిని నిలదీస్తుందేమిటని. ఆ కోపం ఎంత తెలివితక్కువదో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

ఆ తరవాత నాలుగేళ్లు ఆయన చేసిన పనిని ఇప్పుడు ఇంజనీర్లు పెద్ద పెద్ద పేర్లతో చేస్తున్నారు. ముందు గుట్టకు పై వైపున కాలువ తవ్వించి, మిట్ట మీద నుంచి పారే వాన నీళ్లు చెత్తలోకి రాకుండా పక్కకు మళ్లించాడు. పైన పడే వాన కూడా తక్కువ దిగేలా గుట్ట మీద మట్టి కప్పించాడు. గుంతను ఖాళీ చేసి అడుగున మందంగా మట్టి పరిపించాలి. మా సీమలో మట్టి మిద్దెల మీద వాన కారకుండా చౌడు పోస్తారు, కాబట్టి మేస్త్రీలందరూ చౌడే పోద్దామన్నారు. నేనూ సరే అన్నాను. మునిరత్నంగారు ఒప్పుకోలేదు. "సౌడంటేనే ఉప్పు. అది పోస్తే రేపు బాయిలో కనపడే ఉప్పు కసువుదో, మనం పోసిందో ఎట్ల సెప్తావు?" అన్నాడు. ఎండాకాలంలో చెరువు అడుగు బంకమట్టి బండ్లతో తోలించి, తడిపి, పొర మీద పొరగా ఎద్దుల చేత తొక్కించాడు. గంగులప్ప మనుషులే ఆ పనీ చేశారు. ఈసారి ఎంత మందమో కడ్డీ మీద గీత గీసి చూపించాడు.

గుంత నిండడం మొదలుపెట్టింది. అది నిండుతుంటే మేం పండగ చేసుకున్నంత పని చేశాం. చూసేవాళ్లకు పిచ్చి ముదిరిందనిపించి ఉంటుంది. నిండిన దాన్ని శుభ్రం చేయాలి కదా. పక్కన ఇంకో రెండు మడుగులు, గుంతతో కలిపి మూడు, కొత్త వాటికీ అడుగున బంకమట్టి. మొదటి దాంట్లో తేర్చిన సున్నం నీళ్లు కలిపితే నల్లటి మడ్డి అడుగుకు దిగేది. అక్కడి నుంచి నీళ్లు రాళ్ల మెట్ల మీదుగా జారి రెండో దాంట్లో పడాలి. గాలి తగలగానే నీళ్లలోని ఇనుము ఎర్రగా మెట్లకు పట్టేది, ఎస్తేరమ్మ కుండలో కట్టిన తెట్టు లాంటిదే. మూడో మడుగు నిండా జమ్ము నాటించాడు. దాని వేళ్ల మధ్య నుంచి నీళ్లు మెల్లగా జరిగి, చివర లేత టీ రంగులో బయటికి వచ్చి సరుగుడు మొక్కలకు పోయేవి. ఎండాకాలంలో మొదటి గుంత నీళ్లే తోడి మళ్లీ గుట్ట మీద చల్లించేవాడు. గుట్ట తొందరగా మాగడానికి అది మంచిదని ఆయన ఎక్కడ చదివాడో నాకు తెలియదు. ఒక వానాకాలం సాయంత్రం జమ్ములో కప్పలు అరిచాయి. ఆయన నన్ను అక్కడికి నడిపించుకుపోయి వినిపించాడు. నా అంకెలన్నిటి కంటే ఆ అరుపే ఆయనకు నచ్చిందని మొహం చూస్తే తెలిసింది. అయినా అంకెలు మానమనలేదు.

నీళ్లు శుభ్రపడ్డాయి కానీ బావి శుభ్రపడలేదు. నేల లోపలికి రెండేళ్లు దిగిన ఉప్పు అదే దారిన, తన తీరిక కొద్దీ కదులుతూ ఉంది. మా బురెట్‌లో ఏడాదికేడాది కొంచెం తగ్గేది, మామిడి కాలం తరవాత మళ్లీ కొంచెం పెరిగేది. ట్యాంకరు వారానికి ఒకటి రెండు రోజులు ఎగ్గొట్టేది. పైపులైను మంజూరైంది కానీ సగం దాకా వచ్చి ఆగింది. ఈలోగా మునిరత్నంగారు రిటైరై చిత్తూరులో కూతురి ఇంటి పక్కన చిన్న ఇల్లు తీసుకున్నాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, ల్యాబ్ సంతకం నాకు వచ్చింది.

ఆ సంవత్సరం మంచి వానలు పడ్డాయి. బావి గట్టు అంచు దాకా నిండింది. కార్తీకంలో తీసిన సీసాకు బురెట్ తాగే నీళ్లకు పెట్టిన హద్దు లోపలే ఆగింది. పసుపు ఇటుక రంగుకు తిరిగినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ మాట దాచుకోను. ఆ వార్త నేను చెప్పకముందే కొత్త కమిషనరుకు చేరింది. "తాగడానికి యోగ్యం అని ఒక్క లైను రాయండి. మిగిలిన పైపులు వేరే వార్డుకు పంపిద్దాం. అక్కడ గొడవగా ఉంది" అన్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఎస్తేరమ్మ కూడా అదే మాట అడిగింది. ఆఫీసు మెట్ల మీద రెండు గంటలు కూర్చుని నన్ను పట్టుకుంది. "రాసేయి తల్లీ. నీకు పుణ్యముంటాది. మొన్న మా కోడలు ఎగువూరి బాయి కాడ మూడు గంటలు నిలబడింది. నీ సీసా మంచిదని సెప్పిందంట గదా." ఇద్దరికీ కావలసింది ఒకటే, నాకూ రాయాలనే ఉంది. రాస్తే అందరూ నన్ను మెచ్చుకునే రోజు అది.

చిత్తూరు బస్సెక్కాను. రాయమని మునిరత్నంగారి నోటి మాట ఒకటి దొరికితే చాలని పోయానని ఇప్పుడు తెలుస్తుంది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు, ఆయాసంతో. అంకె చెప్పాను. మొహం వెలిగింది. వెంటనే అడిగాడు, "వాన పడి ఎన్ని దినాలకు తీసినావు?"

"నాలుగో రోజు సార్."

"బాయి నిండుగా ఉండాదా?"

"అంచుదాకా ఉంది."

"ఒగ లోటా మజ్జిగలో కడవ నీళ్లు పోస్తే పులుపు తెలస్తాదా?" అని, కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"అయితే రాయొద్దంటారా?" అని అడిగాను. నా గొంతులో విసుగు నాకే వినిపించింది.

"నేను రిటైరైనాను గదమ్మా. నేను సెప్పకూడదు. సంతకం నీది, తాగేది వాళ్లు" అన్నాడు. ఆ తరవాత తన కూతురి పిల్లల గురించి, పంటి నొప్పి గురించి మాట్లాడాడు. బస్సు దాకా రాలేకపోయినందుకు నొచ్చుకున్నాడు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు. మాఘమాసంలో పోయాడని ఆఫీసుకు కబురు వచ్చింది. ఆ రోజు ఎనిమిది సీసాలూ పరీక్ష చేసి, ఇంటికి పోయి, అప్పుడు ఏడ్చాను.

చిత్తూరు నుంచి వచ్చిన మర్నాడే రిపోర్టులో "వాన నీటి వల్ల ఉప్పు పలచబడింది, వేసవిలో మళ్లీ పరీక్షించేవరకు యోగ్యమని చెప్పలేము" అని రాశాను. కమిషనరు నెల రోజులు నన్ను నిలబెట్టి మాట్లాడాడు. ఎస్తేరమ్మ ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. నీళ్లు తోడి సీసా కింద పెట్టేది, నా చేతికి ఇచ్చేది కాదు. వైశాఖంలో బావి సగానికి దిగింది. బురెట్ కారుతూనే పోయింది, హద్దు దాటి, చాలా దాటి. యోగ్యమని రాసి ఉంటే పసిపిల్లలకు అవే పట్టేవాళ్లు, పైపులు వేరే వార్డుకు పోయి ఉండేవి. నేను చేసింది సరైన పనేనని ఆ అంకె చెప్పింది. సంతోషం మాత్రం కలగలేదు.

పైపులు ఆ ఏడాది ఆఖరుకు దిగువపల్లె దాకా వచ్చాయి. మునిసిపాలిటీ బాధ్యత అని మునిరత్నంగారు రాసిన ఆ నాలుగు వాక్యాల కాగితాన్ని చూపించి చూపించి, ఫైలు మూయకుండా కాళ్లరిగేలా తిరిగాను. కొళాయి తిప్పిన రోజు పిల్లలు కేకలు పెట్టారు, కోడళ్లు వరసలో కడవలు పెట్టారు, ఎవరూ ఎవరినీ అడగనక్కర లేకుండా పట్టుకున్నారు. కమిషనరు కొబ్బరికాయ కొట్టాడు. ఎస్తేరమ్మ ఆ గుంపులో లేదు. వెతుక్కుంటూ పోతే బావి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ల తరవాత ఆమె నాతో మాట్లాడితే బాగుండునని ఉంది. కొళాయి దగ్గరికి రాలేదేమని అడిగాను.

"వస్తానులే. నీళ్లు మంచివేనంట గదా" అంది. తరవాత బావిలోకి చూస్తూ, నన్ను తప్పు పట్టకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నీళ్లొచ్చినాయి తల్లీ. మా బాయి రాలేదు."

ఆ తరవాత ఇరవై ఏళ్లు పైగా ఉద్యోగం చేశాను. దిగువపల్లె బావికి యోగ్యమని రాసే రోజు నా సర్వీసులో రాలేదు.